కౌంటీలో పర్మిట్ అక్కర్లేదంటే ఎవరినీ అడగనక్కర్లేదనా?

ప్రశ్న: మేం డాలస్‌కు ఉత్తరాన, ఏ సిటీ హద్దుల్లోకీ రాని చోట, రెండెకరాల స్థలంతో పాటు ఒక పాత ఇల్లు కొనుక్కున్నాం. 1974లో కట్టింది. మూడు బెడ్‌రూములు, 2,100 చదరపు అడుగులు. డ్రైనేజీ లైను లేదు, సెప్టిక్ ట్యాంకే. గుంటూరు నుంచి మా అత్తగారూ మామగారూ వచ్చి మాతో ఎక్కువ కాలం ఉండబోతున్నారు. అత్తయ్యకు మోకాళ్ళ నొప్పులు. ఇప్పుడున్న బాత్‌రూములు ఆవిడకు పనికిరావు. అందుకని వెనకవైపు 450 చదరపు అడుగులు పెంచి ఒక బెడ్‌రూము, బాత్‌రూము, వేపుళ్ళూ పోపులూ పెట్టుకోవడానికి విడిగా చిన్న వంటగది కట్టిద్దామనుకుంటున్నాం. కాంట్రాక్టర్ 1,10,000 డాలర్లు చెప్పాడు. "ఇది కౌంటీ, ఇక్కడ పర్మిట్లూ ఇన్‌స్పెక్షన్లూ ఉండవు, సగం డబ్బు ఇస్తే వచ్చే వారమే మొదలుపెడతా" అంటున్నాడు. మామయ్యగారేమో ఫోన్లో "పంచాయతీకి ఒక మాట చెప్పకుండా గోడ ముట్టుకోవద్దు" అంటున్నారు. కాలిఫోర్నియాలో మా ఆడపడుచు వాళ్ళు వంటగది గోడ ఒకటి తీయడానికే పర్మిట్ తెచ్చుకున్నారట. ఇంటి వెనక చిన్న వాగు కూడా ఉంది. ఎవరి మాట నమ్మాలి? డబ్బు ఇచ్చేయమంటారా?
— ఒక పాఠకురాలు, ఉత్తర టెక్సస్

సమాధానం:

అమ్మా, మీ కాంట్రాక్టర్ చెప్పిన మాటలో కొంత నిజం ఉంది. కానీ ఆ కొంత నిజాన్ని పట్టుకుని వచ్చే వారమే తవ్వకం మొదలుపెడితే మీరు చాలా నష్టపోవచ్చు. మామగారికి ఇక్కడి చట్టాలు తెలియకపోయినా ఆయన చెప్పిన జాగ్రత్తే సరైనది. కాకపోతే మీరు వెళ్ళి అడగాల్సిన ఆఫీసు ఒకటి కాదు, రెండు మూడున్నాయి.

ముందు మీ ఆడపడుచు వాళ్ళకూ మీకూ తేడా ఎందుకొచ్చిందో చూద్దాం. కాలిఫోర్నియాలో బిల్డింగ్ కోడ్ రాష్ట్రమంతటికీ ఒకటే. సిటీలో ఉంటే సిటీ, బయట ఉంటే కౌంటీ దాన్ని అమలు చేస్తాయి. వర్జీనియా, న్యూజెర్సీలో కూడా కోడ్ రాష్ట్రమంతటికీ ఒకటే. అక్కడ ఎంత పల్లెలో ఉన్నా గది పెంచాలంటే పర్మిట్ కావాల్సిందే. టెక్సస్ పద్ధతి వేరు. ఇక్కడ కౌంటీకి సొంతంగా అధికారాలేమీ లేవు, రాష్ట్ర శాసనసభ ఏ అధికారం రాసిస్తే అదే. ఏ స్థలంలో ఏం కట్టాలో చెప్పే జోనింగ్ అధికారాన్ని కౌంటీలకు మామూలుగా ఇవ్వలేదు. ఇళ్ళ కట్టడం విషయంలో మాత్రం 2009లో ఒక దారి ఇచ్చారు. కౌంటీని నడిపే కమిషనర్స్ కోర్ట్ (పేరు కోర్టే గానీ అది మన జిల్లా పరిషత్ లాంటి పాలక మండలి) తీర్మానం చేస్తే, సిటీ బయట కట్టే కొత్త ఇళ్ళు జాతీయంగా వాడే రెసిడెన్షియల్ కోడ్‌కు లోబడి ఉండాలి, బిల్డరు అర్హత ఉన్న వాళ్ళతో ఇన్‌స్పెక్షన్ చేయించి ఆ సంగతి కౌంటీకి తెలపాలి. కొన్ని కౌంటీలు ఈ తీర్మానం చేశాయి, కొన్ని చేయలేదు.

ఈ చట్టం పాత ఇంటికి గదులు పెంచడానికి కూడా వర్తిస్తుంది, కానీ పెంచే భాగం వల్ల ఇంటి విస్తీర్ణమో విలువో 50 శాతం కంటే ఎక్కువ పెరిగితేనే. మీరు 2,100కు 450 కలుపుతున్నారు. అది 21 శాతం దాకా వస్తుంది. విస్తీర్ణం లెక్కలో మీరు బయటే ఉన్నారు. విలువ లెక్క మాత్రం ఒకసారి సరిచూసుకోండి. 1,10,000 ఖర్చు పెట్టినంత మాత్రాన విలువ అంతే పెరగదు గానీ, పాత ఇంటి విలువ తక్కువగా ఉంటే కౌంటీ వాళ్ళు ప్రశ్న అడిగే అవకాశం ఉంది. ఫోన్లో చెప్పిన మాట మీద ఆధారపడకుండా ఈమెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి.

ఇంకో సంగతి, మీరు నిజంగా సిటీ బయటే ఉన్నారా? పోస్టల్ అడ్రస్‌లో ఏ ఊరి పేరున్నా దాన్ని బట్టి చెప్పలేం. ప్రాపర్టీ టాక్స్ బిల్లు చూడండి. అందులో సిటీకి కట్టే పన్ను లేకపోతే చాలావరకు మీరు హద్దుల బయట ఉన్నట్టే. సిటీ హద్దు దాటాక కూడా ఆ సిటీ జనాభాను బట్టి అర మైలు నుంచి ఐదు మైళ్ళ దాకా ఈటీజే అనే వలయం ఉంటుంది. అక్కడ స్థలాన్ని ముక్కలు చేయడం, ప్లాట్లు వేయడం లాంటి వాటి మీద సిటీకి కొంత పట్టు ఉంటుంది. బిల్డింగ్ కోడ్ మామూలుగా అంతదూరం రాదు. అయినా ఆ సిటీ ప్లానింగ్ విభాగానికి ఒక ఫోన్ చేసి అడగండి, ఐదు నిమిషాల పని.

ఇక్కడి దాకా మీ కాంట్రాక్టర్ మాట నిలబడుతుంది. ఇంటి కట్టడానికి పర్మిట్ అక్కర్లేకపోవచ్చు. అసలు చిక్కు సెప్టిక్ దగ్గర వస్తుంది.

సెప్టిక్ వ్యవహారం కౌంటీ ఇష్టానికి వదిలేసింది కాదు. అది రాష్ట్ర చట్టం. టీసీఈక్యూ అనే రాష్ట్ర పర్యావరణ సంస్థ నియమాలు రాస్తుంది, చాలా కౌంటీల్లో దాని తరఫున కౌంటీ ఆఫీసే పర్మిట్ ఇస్తుంది. ఆ ఆఫీసును ఒక్కోచోట ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ అంటారు, ఒక్కోచోట డెవలప్‌మెంట్ సర్వీసెస్ అంటారు. సెప్టిక్ సిస్టమ్ కొత్తగా పెట్టాలన్నా, మార్చాలన్నా, పెంచాలన్నా పర్మిట్ ఉండాలి. పాతకాలం సిస్టమ్‌కు మినహాయింపు ఉంటే, దాన్ని కదిలించనంతకాలం, రిపేరుకు రానంతకాలం, చుట్టుపక్కల వాళ్ళకు ఇబ్బంది కలిగించనంతకాలమే అది నిలుస్తుంది.

మీ ఇంట్లో మార్పు బాత్‌రూము వల్ల కాదు, బెడ్‌రూము వల్ల వస్తుంది. సెప్టిక్ ఎంత సైజుండాలన్నది బాత్‌రూములు లెక్కపెట్టి చెప్పరు. ఎన్ని బెడ్‌రూములు, ఎంత విస్తీర్ణం అన్నదాన్ని బట్టి రోజుకు ఎన్ని గ్యాలన్ల నీరు బయటకు వస్తుందో ఒక పట్టికలో ఉంటుంది. మూడు బెడ్‌రూములు, 2,500 చదరపు అడుగుల లోపు ఇంటికి రోజుకు 300 గ్యాలన్లు. నీళ్ళు ఆదా చేసే ఫిట్టింగులుంటే 240. నాలుగు బెడ్‌రూములు, 3,500 లోపు ఇంటికి 375. ఫిట్టింగులుంటే 300. మీ ఇల్లు ఇప్పుడు మొదటి వరసలో ఉంది. గది కట్టాక రెండో వరసలోకి వెళ్తుంది. అంటే నేలలోకి దిగాల్సిన నీరు కాగితం మీద నాలుగో వంతు పెరిగింది. దాన్ని మీ పాత డ్రెయిన్ ఫీల్డ్ (ట్యాంకు నుంచి వచ్చే నీటిని నేలలోకి ఇంకించే చోటు) తాగగలదా లేదా అన్నది లైసెన్సున్న మనిషి వచ్చి మట్టి చూసి చెప్పాలి.

కొందరు "బెడ్‌రూమ్ అనకండి, ఆఫీస్ రూమ్ అని రాయించండి" అని సలహా ఇస్తారు. వినకండి. కిటికీ, తలుపు, పక్కనే బాత్‌రూము ఉన్న గదిని ఎవరైనా పడకగది అనే చూస్తారు. పైగా ఇది కాగితం గొడవ మాత్రమే కాదు. నలుగురు పెద్దవాళ్ళు రోజూ స్నానాలు చేసి, బట్టలుతికి, పొద్దున్నా సాయంత్రం వంట చేసుకునే ఇంట్లో నీటి వాడకం నిజంగానే పెరుగుతుంది. డ్రెయిన్ ఫీల్డ్ తాగలేని నీరు ఎక్కడికీ పోదు. వెనక పెరట్లో పైకి ఉబుకుతుంది, లేదా మీరు కొత్తగా కట్టించిన బాత్‌రూములోకే వెనక్కి తన్నుతుంది.

చిన్న వంటగది గురించి కూడా ఇక్కడే చెప్పాలి. వేపుళ్ళ నూనె సింకులో పోయడం సెప్టిక్ ఇళ్ళలో పెద్ద ప్రమాదం. నూనె ట్యాంకులో గట్టిపడి పైన పొరగా పేరుకుంటుంది. ఆ పొర మందమై డ్రెయిన్ ఫీల్డ్ వైపు జారితే మట్టి రంధ్రాలన్నీ మూసుకుపోతాయి. మళ్ళీ తెరిపించడం దాదాపు కుదరదు, కొత్త ఫీల్డ్ వేయాల్సిందే. కొత్త సింకు కింద వ్యర్థాలు రుబ్బే గ్రైండర్ పెట్టించకండి. వాడిన నూనె డబ్బాలో పోసి చెత్తలో వేసేయండి. అత్తగారు వచ్చిన మొదటి రోజే ఈ మాట నొప్పించకుండా చెప్పేయండి. వాళ్ళకు ఇది తెలియకపోవచ్చు.

కొత్త గది ఎక్కడ కడతారన్నది కూడా సెప్టిక్‌తో ముడిపడే ఉంది. ట్యాంకుకూ డ్రెయిన్ ఫీల్డుకూ ఇంటి పునాది కనీసం ఐదడుగుల దూరంలో ఉండాలి. మీకు సొంత బోరు ఉంటే దానికి ట్యాంకు 50 అడుగులు, డ్రెయిన్ ఫీల్డు 100 అడుగుల దూరంలో ఉండాలి. ఇంటి వెనక అంటున్నారు, సాధారణంగా ట్యాంకు కూడా వెనకే ఉంటుంది. కాంట్రాక్టర్ అది ఎక్కడుందో చూశాడా? ఆ స్థలం ఫైలు కౌంటీ దగ్గర ఉంటే పాత పర్మిట్, అందులో స్కెచ్ దొరుకుతాయి. అడిగితే ఇస్తారు. 1974 నాటిది కాబట్టి ఏమీ దొరకకపోవచ్చు. అప్పుడు సెప్టిక్ ఇన్‌స్టాలర్‌ను పిలిచి ట్యాంకు మూత తెరిపించి, పంప్ చేయించి, పైపులు ఎటు పోతున్నాయో గుర్తు పెట్టించండి. లారీ ఒక్కసారి డ్రెయిన్ ఫీల్డ్ మీద నుంచి వెళ్ళినా కింద పైపులు నలిగిపోవచ్చు. కాంక్రీట్ లారీ ఎటునుంచి రావాలో కూడా ఆ గుర్తులను బట్టే తేల్చుకోవాలి.

"పక్కింటి వాళ్ళు ఏ పర్మిట్టూ లేకుండా చేశారు" అని మీకెవరైనా చెబితే, వాళ్ళది పదెకరాలో ఇంకా ఎక్కువో అయి ఉండొచ్చు. పదెకరాలు, అంతకు మించిన స్థలంలో ఒకే కుటుంబం ఉండే ఇల్లయితే, సెప్టిక్ భాగాలన్నీ హద్దుకు కనీసం 100 అడుగుల దూరంలో ఉంటే, పర్మిట్ మినహాయింపు ఉంది. మీది రెండెకరాలు. ఆ మినహాయింపు మీకు వర్తించదు.

ఇక వాగు. మీ ప్రశ్నలో దాన్ని చివర్లో ఒక్క మాటతో వదిలేశారు గానీ నేనైతే ముందు దాన్నే చూస్తాను. ఫీమా అనే ఫెడరల్ విపత్తు సంస్థ వరద మ్యాపు ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంటుంది. మీ అడ్రస్ కొట్టి చూడండి. కొత్త గది వచ్చే చోటు ‘A’ అనో ‘AE’ అనో రాసిన జోన్‌లో పడితే, సిటీ బయట అయినా కౌంటీ పర్మిట్ కావాలి. వరద బీమా పథకంలో ఉన్న ప్రతి కౌంటీకీ ఈ పని చూసే ఫ్లడ్‌ప్లెయిన్ అడ్మినిస్ట్రేటర్ అనే అధికారి ఉంటారు. వరద జోన్‌లో మట్టి పోసి ఎత్తు పెంచడానికి కూడా పర్మిట్ అవసరమే.

ఇక్కడా ఒక 50 శాతం లెక్క ఉంది, కానీ ఇది ఖర్చు మీద నడుస్తుంది. పని ఖర్చు, పని మొదలుకాకముందు ఇంటికి ఉన్న మార్కెట్ విలువలో సగానికి చేరితే దాన్ని పెద్ద మార్పుగా లెక్కిస్తారు. స్థలం విలువ ఇందులో కలపరు, కట్టడం విలువే. పన్ను కోసం ఇంటి విలువ కట్టి పంపే అప్రైజల్ నోటీసులో ఈ రెండూ విడివిడిగా ఉంటాయి. కట్టడం విలువ 2,00,000 డాలర్లనుకుందాం. సగం 1,00,000. మీ కాంట్రాక్టర్ చెప్పింది 1,10,000. విస్తీర్ణం ఐదో వంతే పెరిగినా మీరు గీత దాటేశారు. అప్పుడు కొత్త భాగాన్ని ఇప్పటి వరద ఎత్తు ప్రమాణం ప్రకారం లేపి కట్టాలి, పనిని బట్టి పాత ఇంటిని కూడా ఆ ప్రమాణానికి తేవాల్సి రావచ్చు. మోకాళ్ళ నొప్పులున్న మనిషి కోసం కట్టే గదికి మూడు నాలుగు మెట్లు వస్తే కట్టి ఏం లాభం? మ్యాపులో మీ వెనకవైపు వరద జోన్‌లో ఉంటే గదిని పక్కకో ముందుకో జరపడం గురించి ఇప్పుడే ఆలోచించండి. కాగితం మీద జరపడానికి ఖర్చేమీ లేదు.

పునాది గురించి మామగారితో మాట్లాడండి, ఆయనకు చప్పున అర్థమవుతుంది. డాలస్ చుట్టుపక్కల నుంచి శాన్ ఆంటోనియో వైపు దాకా పరుచుకున్న బ్లాక్‌ల్యాండ్ నేల మన గుంటూరు వైపు పత్తి చేల నల్లరేగడి లాంటిదే. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిస్తుంది. పాత స్లాబు (ఇంటి కింద నేల మీద పోసిన కాంక్రీట్ పలక) 50 ఏళ్ళుగా ఆ నేలతో పాటు కదిలి ఒక స్థితికి వచ్చింది. దాని పక్కన కొత్త స్లాబు పోస్తే రెండూ ఒకేలా కదలవు. కలిసే చోట గోడ చీలుతుంది, పైకప్పులోంచి నీరు దిగుతుంది. అందుకని కాంట్రాక్టర్ "ఎప్పుడూ ఇలాగే పోస్తాం" అన్నా సరే, టెక్సస్‌లో లైసెన్సున్న స్ట్రక్చరల్ ఇంజినీరు వచ్చి చూసి, గీసి, ముద్ర వేసిన ఫౌండేషన్ డ్రాయింగ్ లేకుండా ఒక్క గంప కాంక్రీట్ కూడా పడనివ్వకండి. కౌంటీ అడగకపోయినా మీరు అడగండి. ఆ డబ్బు దండగ కాదు. పాత స్లాబును పైపు కోసం కోయాల్సి వస్తే ముందు స్కాన్ చేయించాలి, కొన్ని స్లాబుల్లో బిగదీసిన స్టీలు కేబుళ్ళుంటాయి, అవి తెగితే మనుషులకు కూడా ప్రమాదం. తవ్వకానికి రెండు పనిదినాల ముందు 811కు ఫోన్ చేస్తే కంపెనీల కరెంటు, గ్యాస్ లైన్లు ఉచితంగా గుర్తు పెట్టి వెళ్తారు. మీ సొంత సెప్టిక్, ప్రొపేన్ లైన్లు మాత్రం వాళ్ళు గుర్తించరు.

పనివాళ్ళ సంగతి. టెక్సస్‌లో జనరల్ కాంట్రాక్టర్‌కు రాష్ట్ర లైసెన్సే లేదు. విజిటింగ్ కార్డు అచ్చేయించుకున్న ఎవరైనా కాంట్రాక్టరే. కానీ ఎలక్ట్రీషియన్‌కు, ఏసీ పనివాళ్ళకు టీడీఎల్ఆర్ అనే రాష్ట్ర శాఖ లైసెన్సుంటుంది, ప్లంబర్‌కు వేరే బోర్డు ఉంది. మూడూ ఆన్‌లైన్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు. మీ వారు స్వయంగా తన ఇంట్లో వైరింగ్ చేసుకుంటే చట్టం ఒప్పుకుంటుంది. కాంట్రాక్టర్ తన వెంట తెచ్చుకున్న కుర్రాడికి ఆ వెసులుబాటు లేదు. చిన్న వంటగదిలో పొయ్యి ప్రొపేన్ మీద అయితే ఆ లైను వేసేవాడికి టెక్సస్ రైల్‌రోడ్ కమిషన్ లైసెన్సుండాలి. పేరు వింటే రైళ్ళ ఆఫీసు అనిపిస్తుంది, ఈ రాష్ట్రంలో గ్యాసు వ్యవహారం చూసేది ఆ కమిషనే.

కౌంటీ ఇన్‌స్పెక్టర్ రాని చోట మీరే ఇన్‌స్పెక్టర్‌ను పెట్టుకోవాలి. ఇదే నేను మీకు గట్టిగా చెప్పదలచుకున్నది. సిటీలో అయితే పనికి అడ్డుపడి "ఇది సరిగా లేదు, మళ్ళీ చేయి" అనే మనిషి ఒకడుంటాడు. అతని మీద విసుక్కుంటాం గానీ, గోడలు మూసేముందు లోపలేముందో చూసే మూడో కన్ను అతనిదే. మీ ఇంటికి ఆ మనిషి రాడు. టెక్సస్ రియల్ ఎస్టేట్ కమిషన్ లైసెన్సున్న హోమ్ ఇన్‌స్పెక్టర్లలో కట్టేటప్పుడు దశలవారీగా వచ్చి చూసేవాళ్ళున్నారు. మూడుసార్లు రప్పించండి. కాంక్రీట్ పోయకముందు, ఇనుమూ పైపులూ కనబడుతుండగా ఒకసారి. చెక్క ఫ్రేము, వైరింగ్, ప్లంబింగ్ అయ్యాక, గోడలు మూసే పలకలైన షీట్‌రాక్ కొట్టకముందు ఒకసారి. అంతా అయ్యాక ఒకసారి. రిపోర్టు మీ పేరు మీదే రావాలి, ఫీజు కూడా మీరే ఇవ్వాలి. కాంట్రాక్టర్ తెచ్చిన ఇన్‌స్పెక్టర్ వద్దు. ఒప్పందంలో "రెసిడెన్షియల్ కోడ్ ప్రకారం కట్టాలి" అని ఒక వాక్యం రాయించండి. ఆ వాక్యం లేకపోతే రేపు తప్పు చూపించినా "ఇక్కడ కోడ్ లేదుగా" అంటాడు.

ఆ కోడ్‌లో అత్తగారూ మామగారూ పడుకునే గదికి ముఖ్యమైనది కిటికీ. మంటలొస్తే దాంట్లోంచి బయటపడగలగాలి. నేలమట్టపు గదిలో తెరిచినప్పుడు కనీసం 5 చదరపు అడుగుల ఖాళీ రావాలి, ఎత్తు 24 అంగుళాలు, వెడల్పు 20 అంగుళాలకు తగ్గకూడదు, కిటికీ గడప నేల నుంచి 44 అంగుళాలు మించకూడదు. అది కనీసం మాత్రమే. పెద్దవాళ్ళ కోసం ఇంకా కిందికి, వీలైతే బయటికి ఒక తలుపే పెట్టించండి. బాత్‌రూములో గడప లేకుండా నడిచి వెళ్ళే షవర్ కావాలంటే స్లాబు అక్కడ పల్లంగా పోయాలి, అంటే కాంక్రీట్‌కు ముందే చెప్పాలి. పట్టుకునే కడ్డీలకు గోడ లోపల చెక్క దిమ్మలు షీట్‌రాక్‌కు ముందే కొట్టించాలి. తలుపులు 36 అంగుళాలు పెట్టించండి, రేపు వాకర్ వచ్చినా సరిపోతుంది. ఇవేవీ తర్వాత చేయించుకోదగ్గ పనులు కావు.

ఇల్లు 1978కి ముందుది కాబట్టి పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. గోడలు పగలగొట్టే కంపెనీకి ఈపీఏ అనే ఫెడరల్ పర్యావరణ సంస్థ సర్టిఫికెట్ ఉండాలని ఫెడరల్ నియమం. మీ ఇంట్లో చిన్నపిల్లలుంటే ఈ విషయంలో అస్సలు రాజీ పడకండి.

దస్తావేజుల్లో ఒకసారి వెతకాల్సినవి రెండున్నాయి. ఒకటి డీడ్ రిస్ట్రిక్షన్లు. కౌంటీకి జోనింగ్ లేకపోయినా, ఆ పొలాన్ని ప్లాట్లుగా చేసినవాడు రాసిపెట్టిన షరతులు ఇప్పటికీ చెల్లుతూ ఉండొచ్చు. రెండోది ఈజ్‌మెంట్లు, అంటే గ్యాస్ పైప్‌లైనో కరెంటు లైనో మీ స్థలంలోంచి వెళ్ళే హక్కు. వాటి మీద గది కట్టకూడదు. ఇల్లు కొన్నప్పుడు టైటిల్ కంపెనీ ఇచ్చిన ఫైలులో రెండూ ఉంటాయి.

ముందు ముందు అమ్మేటప్పుడు టెక్సస్ చట్టం ప్రకారం కొనేవాళ్ళకు ఒక వివరాల పత్రం ఇవ్వాలి. అవసరమైన పర్మిట్ లేకుండా, లేదా అమల్లో ఉన్న కోడ్‌కు విరుద్ధంగా గదులు పెంచారా అని అందులో సూటిగా అడుగుతారు. సెప్టిక్ పర్మిట్ అవసరమై తీసుకోకపోతే అక్కడ నిజం రాయాల్సిందే. కౌంటీ నుంచి వచ్చిన ఈమెయిల్, ఇంజినీరు డ్రాయింగ్, ఇన్‌స్పెక్షన్ రిపోర్టులు, మూసేముందు తీసిన గోడల ఫొటోలు అన్నీ ఒక ఫైలులో పెట్టుకోండి. ఇంటి బీమా కంపెనీకి పని మొదలుకాకముందే చెప్పండి. ప్రాపర్టీ టాక్స్ కూడా పెరుగుతుంది. హోమ్‌స్టెడ్ ఇంటికి (అంటే యజమాని తానే ఉంటున్నట్టు నమోదైన ఇంటికి) ఏటా 10 శాతం మించి విలువ పెంచకూడదన్న పరిమితి కొత్తగా కట్టిన భాగానికి వర్తించదు.

డబ్బు సంగతి అడిగారు. సగం ఇవ్వకండి. రాష్ట్ర లైసెన్సు లేని వృత్తిలో ఉన్న మనిషికి 55,000 డాలర్లు ముందే ఇస్తే మీ చేతిలో ఏ పట్టూ మిగలదు. మొదలుపెట్టేటప్పుడు సామాన్లకు కావాల్సినంత కొంచెం, తర్వాత ప్రతి ఇన్‌స్పెక్షన్ బాగుందని వచ్చాకే ఒక్కో విడత అని రాయించుకోండి. కింద పనిచేసిన వాళ్ళకు అతను డబ్బివ్వకపోతే వాళ్ళు మీ మీదికి రాకుండా, పని విలువలో 10 శాతాన్ని, పని పూర్తయిన తర్వాత 30 రోజుల దాకా మీ దగ్గరే అట్టిపెట్టుకోవాలని టెక్సస్ చట్టమే చెబుతోంది. హోమ్‌స్టెడ్ ఇంటి మీద కాంట్రాక్టర్‌కు లీన్ హక్కు, అంటే బాకీ కింద ఇంటిని పట్టుకునే హక్కు, రావాలంటే పని మొదలుకాకముందే రాత ఒప్పందం ఉండాలి, భార్యాభర్తలిద్దరూ సంతకం చేయాలి. అందుకని మీ ముందు ఏ కాగితం పెట్టినా ఇద్దరూ కూర్చుని చదవండి. "వచ్చే వారమే" అన్న తొందర అతనిది, మీది కాదు. నాలుగు రోజులు ఆగలేనంటే ఇంకో కాంట్రాక్టర్‌ను చూసుకోండి.

ఈ వారం మీరు ఖర్చు పెట్టాల్సింది సెప్టిక్ మనిషికి ఇచ్చే ఫీజు ఒక్కటే. ఆ లోపల వరద మ్యాపు చూడండి, కౌంటీ ఆఫీసుకు ఈమెయిల్ పంపండి. సెప్టిక్ చాలదని తేలితే కొత్త సిస్టమ్ ఖర్చు కలిపి మొత్తం బడ్జెట్ మళ్ళీ వేసుకోవాలి, గది చిన్నది చేసుకోవాల్సి రావచ్చు. అది ఇప్పుడు తెలిస్తేనే మేలు. అత్తగారి వాళ్ళ టికెట్లు మాత్రం ఈ పని తేదీలతో ముడిపెట్టకండి. పని ఆలస్యమైతే ఉన్న బాత్‌రూముల్లో ఒకదానికి కడ్డీలు బిగించి, షవర్‌లో కూర్చోవడానికి ఒక కుర్చీ వేసి ఇవ్వండి. వాటికి ఏ ఆఫీసునూ అడగనక్కర్లేదు.